పండగ మాంసానికి లెక్క



పండగకో, ఆదివారానికో ఇంట్లో మాంసం వండాలనుకున్నప్పుడు పలాస, కాశీబుగ్గల్లోనైనా, టెక్కలిలోనైనా, తీరంలోని ఉద్దానం పల్లెల్లోనైనా కొట్టుకు బయల్దేరేవాళ్లు అడిగే మాట ఒక్కటే: ఎంత తేవాలి? జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. మనిషికి పావు చొప్పున తెచ్చెయ్యండి అంటారు. ఎనిమిదిమంది ఉంటే రెండు కిలోలు, పన్నెండుమంది ఉంటే మూడు కిలోలు. నోటి లెక్క, క్షణంలో తేలిపోతుంది. ఈ నోటి లెక్క సరైంది కాదన్నదే ఈ రోజు నా వాదన. అది చాలాసార్లు అవసరానికి మించి కొనిపిస్తుంది. అది చిన్న నష్టం. మించి కొన్నా కూడా తినవలసిన మనిషికి తినవలసినంత అందనివ్వదు. అది పెద్ద నష్టం. మాంసం లెక్క కాటా దగ్గర మొదలుపెడితే ఈ రెండు నష్టాలూ తప్పవు. పళ్లెం దగ్గర మొదలుపెట్టి వెనక్కి కాటా దాకా వస్తే రెండూ తప్పుతాయి.

ముందు ఈ పావు సంగతి చూద్దాం. పావు కిలో అన్నది కొట్టువాడి గుండు. మనిషి ఆకలిని చూసి ఎవరూ దాన్ని కొలతగా పెట్టలేదు. 1956లో వచ్చిన చట్టం తరవాత మెల్లమెల్లగా కిలోలు, గ్రాములు వాడుకలోకి వచ్చాయి. అంతకుముందు ఈ తీరంలో వీశెల తూకం నడిచేది. వీశె అంటే సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. తూకం మారింది గాని తినేవాళ్ల కడుపు మారలేదు కదా. కాటాలో ఏ గుండు చేతికి సులువుగా అందుతుందో దాన్నే మనిషి లెక్కకు అంటగట్టుకున్నాం. పల్లెల్లో పోగులు వేసుకునే పద్ధతి ఇంకా ఉంది. పదిళ్లవాళ్లు కలిసి ఒక మేకపోతునో పొట్టేలునో కొని, కోయించి, తొడ, మెడ, పక్కటెముకలు, కార్జం అన్నీ కొంచెం కొంచెం పడేలా పోగులు వేసుకుంటారు. ప్రాణంతో ఇరవై కిలోలు తూగే పోతును కోస్తే తల, కాళ్లు, తోలు, పేగులు పోను తొమ్మిది పది కిలోల మాంసం దిగుతుంది. పది పోగులు వేస్తే పోగుకు కిలో లోపు వస్తుంది. సమానంగా డబ్బు పెట్టిన ఇళ్ల మధ్య ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదు. మంచి ముక్క ఒకరికి, చెడ్డ ముక్క ఒకరికి అన్న తగువు రాదు. కాని ముగ్గురున్న ఇంటికీ, తొమ్మిదిమంది ఉన్న ఇంటికీ పోగు ఒక్కటే. పోగు తెచ్చుకున్న ఇంట్లో కూడా అసలు లెక్క మిగిలే ఉంటుంది.

కాటా మీద తూగిన మాంసంలో మన నోటిదాకా వచ్చేది ఎంత? ఇక్కడ రెండు కోతలు పడతాయి. మొదటిది ఎముక. కూరకు కొట్టించిన వేట మాంసంలో, ఏ భాగం అన్నదాన్ని బట్టి, పావువంతు నుంచి మూడోవంతు దాకా ఎముకే ఉంటుంది. మెడ, పక్కటెముకల దగ్గర ఎక్కువ, తొడ దగ్గర తక్కువ. రెండోది పొయ్యి. పచ్చి మాంసంలో దాదాపు మూడు వంతులు నీరే. వేడి తగలగానే కండ బిగుసుకుని ఆ నీటిని వదిలేస్తుంది, కొవ్వు కరుగుతుంది. ఇగురు పెట్టినప్పుడు సుమారు ముప్పై శాతం బరువు పోతుంది. వేపుడులో ఇంకా ఎక్కువ పోతుంది, దగ్గర దగ్గర నలభై శాతం. ఈ రెండు కోతలూ కలిపి చూడండి. కిలో మాంసం కొంటే ఎముక పోను ఏడువందల గ్రాముల పైచిలుకు కండ. అది ఉడికాక మిగిలేది అరకిలో. వేపుడు చేస్తే నాలుగున్నర వందల గ్రాములు. అంటే కొట్లో మనం కిలోకి ఇచ్చిన డబ్బు పళ్లెంలో అరకిలోకి ఇచ్చిన డబ్బు. ఇదేమీ మోసం కాదు, మాంసం స్వభావమే అది. కోడి మాంసంలోనూ ఇంచుమించు ఇదే లెక్క. ప్రాణంతో తూచి కొన్న నాటుకోడి అయితే ఇంకో కోత ముందే పడుతుంది. ఈకలు, తోలు, పేగులు పోను మూడోవంతుకు పైగా కొట్టు దగ్గరే తగ్గుతుంది.

పచ్చి బరువు, వండిన బరువు వేరువేరని ఆహార శాస్త్రవేత్తలు గట్టిగానే చెబుతారు. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి మేక, గొర్రె, పశువు వంటి ఎర్ర మాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములకు మించవద్దని సూచించింది. ఆ 500 గ్రాములూ వండిన తరవాతి బరువు. పచ్చిగా అయితే అది ఏడువందల పైమాట. ఎముక లేని మాంసానికి చెప్పిన లెక్క ఇది. ఆ మాట వదిలేసి సంఖ్యను మాత్రమే పట్టుకుంటే ఒకరు భయపడి మానేస్తారు, ఇంకొకరు ధైర్యపడి రెట్టింపు తింటారు. మన ఇళ్లల్లో మనిషికి పావు అన్న మాట కూడా ఇలాంటిదే. పచ్చిదా వండినదా, ఎముకతోనా ఎముక లేకుండానా, ఇగురుకా వేపుడుకా అన్నవి చెప్పని సంఖ్య అది.

వేపుడు సంగతి ఇంకొంచెం చెప్పాలి. పండగంటే వేపుడు ఉండాలన్న కోరిక ఈ మధ్య పెరిగింది. భోజన హోటళ్లలో మటన్ రోస్ట్ అని వడ్డించే ఆ ముక్క రుచి నాలుకకి తగిలాక ఇంట్లోనూ అలాగే కావాలనిపించడం సహజం. కాని వేపుడు మాంసాన్ని మింగేసే వంట. ఇగురులో పోయిన నీరు, కరిగిన కొవ్వు, ఎముక సారం గుజ్జులో ఉంటాయి, అన్నంలో కలుస్తాయి. వేపుడులో నీరు ఆవిరైపోతుంది. గిన్నె సగానికి దిగుతుంది. పైగా అన్నంలో కలుపుకోవడానికి పులుసు లేదు గనుక ముక్కలే ఎక్కువ తింటారు. ఒకే మాంసాన్ని ఇగురు పెడితే ఎనిమిదిమంది తృప్తిగా లేచే చోట, వేపుడు చేస్తే అంతమందికి చాలకపోవచ్చు. కాబట్టి ఎంత కొనాలి అన్న ప్రశ్నకు ముందు ఏం వండుతున్నాం అన్నది తేలాలి. కొట్టుకు వెళ్లే మనిషికి వండే మనిషి ఆ మాట చెప్పాలి. వేపుడే కావాలంటే ఎముక లేని తొడ మాంసం విడిగా కొంత తీసుకుని, మెడ, పక్కటెముకలు పులుసుకి పెట్టుకోవడం మేలు. అప్పుడు రెండు గిన్నెలూ నిండుతాయి.

ఇలాంటి చిక్కే ఇంకో రూపంలో బ్రిటన్ దేశం మొత్తానికీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ 1940 మార్చి నుంచి మాంసానికి రేషన్ పెట్టారు. అది 1954 జూలై దాకా సాగింది. పంచదార, వెన్న తూకం ప్రకారం ఇచ్చారు గాని మాంసాన్ని తూకంతో ఇవ్వలేదు. వారానికి మనిషికి ఇంత విలువ గల మాంసం అని ధర ప్రకారం ఇచ్చారు. ఆరేళ్ల లోపు పిల్లలకు అందులో సగం. ఖరీదైన ముక్క కోరుకుంటే కొంచెమే వస్తుంది, చవక ముక్క తీసుకుని నెమ్మదిగా ఉడికించుకుంటే ఎక్కువ వస్తుంది. ఏది కావాలో ఇల్లాలే తేల్చుకునేది. కిలోకు కిలో సమానం కాదని, పెద్దలకూ పిల్లలకూ ఒకే వాటా తగదని ఒక ప్రభుత్వం పధ్నాలుగేళ్లు ఒప్పుకుని నడిపిన లెక్క అది. మనం మాత్రం మూడేళ్ల పాపకూ, పొలంలో పనిచేసి వచ్చిన మనిషికీ ఒకే పావు వేస్తున్నాం.

ఇక పళ్లెం దగ్గరికి వద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు రెండువేల కేలరీల భోజనానికి ఒక నమూనా పళ్లెం ఉంది. అందులో పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు. అది రోజువారీ తిండి. పండగ రోజు అంతకు మించి తింటాం, తినాలి కూడా. అయినా ఒక హద్దు కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని ఆ సంస్థ లెక్క. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. వండిన మాంసం వంద గ్రాముల్లో పాతిక గ్రాముల పైనే ఉంటాయి. అంటే ఆ వంద గ్రాములు రోజు అవసరంలో సగం తీరుస్తాయి. మిగతా సగం అన్నం, పప్పు, పెరుగు ఎటూ ఇస్తాయి. కాబట్టి పనిచేసే వయసులో ఉన్న పెద్దవాళ్లకు పండగ పూట వండిన ముక్కలు నూట ఇరవై గ్రాములు పెట్టుకుంటే అది నిండైన వాటా. పళ్లు సరిగా లేని ముసలివాళ్లకు డెబ్బై, పిల్లలకు అరవై చాలు.

ఒక ఇల్లు అనుకోండి. నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు వయసు మళ్లినవాళ్లు, ఇద్దరు పిల్లలు. పెద్దవాళ్లకు 480, వయసు మళ్లినవాళ్లకు 140, పిల్లలకు 120. మొత్తం 740 గ్రాముల వండిన ముక్క. ఇగురు అయితే దాన్ని రెట్టింపు చెయ్యాలి. కిలోన్నర ఎముకతో ఉన్న మాంసం. వేపుడు అయితే కిలో ఆరువందల యాభై. ఎముక లేకుండా వేపుడు అయితే కిలో రెండువందలు. మనిషికి పావు అన్న నోటి లెక్క ప్రకారం రెండు కిలోలు కొనేవాళ్లు. ఇగురు దగ్గర అరకిలో తేడా వచ్చింది. ఇవాళ్టి ధరల్లో అరకిలో వేట మాంసం అంటే తక్కువ డబ్బు కాదు. పలాసలో వందల సంఖ్యలో జీడిపప్పు పరిశ్రమలు ఉన్నాయి. వాటిల్లో పప్పు ఒలిచే ఆడవాళ్ల ఒకరోజు కూలితో కిలో వేట మాంసం రాదు. ఆ ఇంట్లో అరకిలో తేడా అంటే సగం రోజుకు మించిన చాకిరీ.

ఎవరైనా అడగొచ్చు: ఇన్ని లెక్కలు ఎవరు వేస్తారండీ, పండగ పూట కాగితం, కలం పట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. పళ్లెంలో పడవలసిన ముక్కలన్నీ మనసులో కలుపుకోండి. ఇగురుకు రెట్టింపు చెయ్యండి, వేపుడుకు ఆ రెట్టింపు మీద మరి కొంచెం వెయ్యండి. అంతే. మనిషికి పావు అనడానికీ దీనికీ ఒక్క మెట్టే తేడా. కాని ఆ ఒక్క మెట్టులో ఇంట్లో ప్రతి మనిషీ విడిగా గుర్తుకొస్తారు. నా పట్టుదలంతా దానికోసమే.

ఎందుకంటే మొత్తం కిలోల్లో లెక్కేసినప్పుడు కనిపించకుండా పోయే మనిషి ఒకరున్నారు. వండిన మనిషి. అందరికీ వడ్డించి చివర కూర్చునే ఇల్లాలి పళ్లెంలోకి వచ్చేసరికి గిన్నెలో గుజ్జు, రెండు ఎముక ముక్కలు మిగులుతాయి. రెండు కిలోలు తెచ్చిన రోజున కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఎక్కువ తెస్తే ముందు కూర్చున్నవాళ్లు ఎక్కువ వేసుకుంటారు. ఆవిడ వంతు అని విడిగా ఏదీ లేదు గనుక ఎంత తెచ్చినా అది ఆవిడదాకా రాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికి కారణాలు అనేకం. మాంసం ఒక్కటే దానికి మందు అనను. కాని ఆకుకూరలో, గింజల్లో ఉన్న ఇనుము కంటే మాంసంలో, ముఖ్యంగా కార్జంలో ఉన్న ఇనుము ఒంటికి సులువుగా పడుతుందన్నది తిరుగులేని విషయం. ఇంట్లో ఎవరికి అది ఎక్కువ కావాలో వాళ్ల పళ్లెంలోకే అది రావడం లేదు. పళ్లెం నుంచి లెక్క వేస్తే ఆవిడ నూట ఇరవై గ్రాములు కొనేముందే లెక్కలో ఉంటాయి. పొయ్యి దించగానే ఆ వాటా వేరే గిన్నెలో తీసిపెట్టాలి. మర్యాద తక్కువ పని అనుకోవద్దు. మగవాళ్లు తామే తీసిపెడితే మరీ మంచిది.

ఉద్దానంలో ఈ లెక్కకు ఇంకో బరువు ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా పాకిందో శ్రోతలకు నేను చెప్పనక్కర్లేదు. పల్లెల్లో జరిపిన పరిశోధనల్లో పెద్దవాళ్లలో అయిదుగురిలో ఒకరికి అటూ ఇటూగా ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండువందల పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం నుంచి ఈ పల్లెలకు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఈ ఏడు మండలాల్లో పండగ భోజనానికి కూర్చున్న పంక్తిలో ఒక కిడ్నీ రోగి ఉండడం అరుదైన విషయం కాదు. మరి ఆ మనిషికీ పావేనా?

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే చాలామంది దీన్ని ఒకే వైపు చూస్తారు. కిడ్నీ జబ్బు అనగానే మాంసం పూర్తిగా మానేయాలని చెబుతారు. అది అందరికీ వర్తించదు. జబ్బు ముదిరి ఇంకా డయాలసిస్ దాకా రాని వాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.8 గ్రాముల మాంసకృత్తులకు మించవద్దని సాధారణంగా వైద్యులు చెబుతారు. యాభై కిలోల మనిషికి నలభై గ్రాములు. అన్నం, పప్పు, కొంచెం పెరుగు కలిపే ముప్పై గ్రాములు దాటుతాయి. మిగిలేది ఎనిమిది తొమ్మిది గ్రాములు. అంటే వండిన మాంసం ముప్పై అయిదు గ్రాములు, రెండు చిన్న ముక్కలు. కాని డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి సంగతి వేరు. రక్తం శుద్ధి అయ్యేటప్పుడు మాంసకృత్తుల్లో కొంత పోతుంది. అందుకే వాళ్లకు కిలోకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా కావాలి. అదే యాభై కిలోల మనిషికి యాభై నుంచి అరవై గ్రాములు. వాళ్ల పళ్లెంలో డెబ్బై నుంచి వంద గ్రాముల ముక్క ఉండొచ్చు, ఉండాలి కూడా. ఒకే ఇంట్లో అన్నకు ముప్పై అయిదు గ్రాములు, తమ్ముడికి వంద గ్రాములు రావచ్చు. అన్నకు ఎక్కువ పెడితే కీడు, తమ్ముడికి తక్కువ పెడితే కీడు. భయంతో డయాలసిస్ రోగికి మాంసం ముట్టనివ్వని ఇళ్లు ఉన్నాయి. బక్కచిక్కిపోయిన ఆ మనిషికి ఆ భయం మేలు చెయ్యడం లేదు. ఇద్దరికీ పోగువేసినట్టు సమానంగా పెట్టడం ప్రేమే కావచ్చు గాని ఆ ప్రేమ ఇద్దరికీ సరిపడదు.

ఇద్దరికీ కలిసే జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కూరలో ఉప్పు తగ్గించాలి, లేదా వాళ్ల వాటా ఉప్పు వెయ్యకముందే తీసి విడిగా వండాలి. ఎముకల చారు, కార్జం వంటివాటిలో భాస్వరం ఎక్కువ గనుక వాటిని తగ్గించాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు రోజుకు తాగే నీటి కొలతలో పులుసు కూడా లెక్కేసుకోవాలి. నేను చెప్పిన గ్రాములు లెక్క ఎలా వెయ్యాలో చూపడానికే. ఎవరి రక్త పరీక్షలు ఎలా ఉన్నాయో చూసి వాళ్ల కొలత వాళ్ల వైద్యుడే చెప్పాలి.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. అన్నిటికంటే బలమైనది ఇది: పండగంటే చుట్టాలు వస్తారు, అల్లుడు వస్తాడు, చెప్పకుండా ఇంకో ఇద్దరు వస్తారు. గిన్నె గీకుతున్న చప్పుడు చుట్టానికి వినిపిస్తే ఇంటి పరువేం కాను? ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. చుట్టానికి కడుపునిండా పెట్టాలన్నది ఈ ప్రాంతం వాళ్ల గొప్ప గుణం, దాన్ని లెక్కలతో కొట్టిపారేయకూడదు. అందుకే నేను గీచి గీచి కొనమనడం లేదు. అదనం ఉండాలి. కాని ఆ అదనం మాంసం రూపంలోనే ఎందుకు ఉండాలి? పావుగంటలో ఉడికే కోడిగుడ్లు డజను ఇంట్లో ఉంచుకుంటే ఇద్దరు ఎక్కువ వచ్చినా ఇగురులో కలిపి వడ్డించొచ్చు. ఎవరూ రాకపోతే అవి రేపటికి పనికొస్తాయి. కనుమనాడు మినుము తినాలన్న ఆచారం మనకు ఉండనే ఉంది. మాంసం పక్కన మినప గారెలు వేస్తే, మినుములోనే నాలుగోవంతు మాంసకృత్తులు గనుక, ఆకలీ తీరుతుంది, బలమూ వస్తుంది. ఉద్దానంలో పనస ఉంది, పలాసలో జీడిపప్పు ఉంది. లేత పనసకాయ ముక్కలు ఇగురులో వేస్తే కూర పెరుగుతుంది, రుచి చెడదు. పనసలో మాంసకృత్తులు చాలా తక్కువ, అది పళ్లెం నింపుతుందే తప్ప మాంసానికి సాటి రాదు. జీడిపప్పు బద్దలు మాత్రం చాలావరకు సాటి వస్తాయి. ఎండాకాలం మొదట్లో పచ్చి జీడిపప్పు దొరికే రోజుల్లో కిలో మాంసంలో పావుకిలో పచ్చిపప్పు వేసి వండే కూరకు మించిన విందు ఈ జిల్లాలో లేదని నా అభిప్రాయం. కిడ్నీ రోగులకు మాత్రం జీడిపప్పు, పనస రెండూ వైద్యుణ్ణి అడిగాకే.

ఎముకను మీరు వ్యర్థం కింద కట్టారు, అసలు రుచంతా ఎముకలోనే ఉంది కదా అని ఇంకొందరు అంటారు. నిజమే. ఎముక లేని ఇగురు ఇగురే కాదు. నేను ఎముక కొనవద్దనలేదు, ఎముకను ముక్కగా లెక్కపెట్టవద్దన్నాను. రుచికి ఎముక, ఆకలికి కండ. రెండూ ఒకే తూకంలో వస్తాయి గనుక ఒకదాన్ని రెండోదిగా పొరబడుతున్నాం. కొట్టు దగ్గర ఒక మాట చెప్పాలి: పైకొవ్వు తీయించాకే తూయించండి, మెత్తని ముక్క ఎంత, ఎముక ముక్క ఎంత అని నోరు తెరిచి అడగండి.

మిగిలితే ఏమవుతుంది, ఇంట్లో ఫ్రిజ్ ఉందిగా అన్నది మూడో మాట. ఇది మొదటి రెండింటి కంటే బలహీనమైన మాట. ఫ్రిజ్‌లో కూర నిలవ ఉంటుంది, నిజమే. కాని పండగ రోజు కూర గిన్నె మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పొయ్యి గట్టు మీదే ఉండి, ఆ తరవాతే ఫ్రిజ్‌లోకి వెళుతుంది. తీరప్రాంతపు ఉక్కలో రెండు గంటలు దాటిన మాంసం కూర అప్పటికే పాడవడం మొదలుపెడుతుంది. ఇక కరెంటు సంగతి ఈ తీరం వాళ్లకు తెలియంది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తుపాన్లు రాని నెలల్లోనూ మిగిలినదాన్ని నమ్ముకుని కొనడం కంటే అవసరానికి కొనడమే మేలు.

వీటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించే ఇల్లు వేరే ఉంది. ఎక్కువ కొనే స్తోమతు లేని ఇల్లు. ఆరుగురున్న ఇంట్లో అరకిలోకే డబ్బుంది. నోటి లెక్క వాళ్లతో మీకు కిలోన్నర కావాలంటుంది. అంటే పండగ మీది కాదు అన్నట్టే. పళ్లెం లెక్క వాళ్లకు ఏం చెబుతుంది? అరకిలో ఉడికితే పావుకిలో. ఆరుగురికి తలా నలభై గ్రాములు. అది తక్కువే, కాని సున్నా కాదు. వేపుడు చెయ్యొద్దు, ఇగురూ చెయ్యొద్దు, పులుసు పెట్టండి. మునక్కాడలో, బంగాళాదుంపలో వెయ్యండి, ఒక్కొక్కరికి ఒక గుడ్డు కలపండి. తల, కాళ్లు, కార్జం కండ కంటే చవకగా దొరికితే అవి తెచ్చుకోండి. తీరం పక్కన ఉన్న ఇళ్లకు భావనపాడు, బారువ వైపు చేపలు చవకగా దొరికే రోజులుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మర పడవల వేట నిషేధం గనుక ఆ రెండు నెలలు చేప కరువవుతుంది. సరిగ్గా అప్పుడే పెళ్లిళ్లు, మాంసం గిరాకీ. ఆ రెండు నెలల్లో చిన్న ఇళ్లవాళ్లకు గుడ్డు, పప్పు, కోడి తోడు కావాలి.

పెద్ద విందుల గురించి ఒక్క మాట. జనం పెరిగేకొద్దీ తలసరి అదనం తగ్గించాలి. ఎనిమిదిమందిలో ఒకరు రెట్టింపు తింటే గిన్నె తరుగుతుంది. మూడువందల మందిలో రెట్టింపు తినేవాళ్లూ, సగం తినేవాళ్లూ, అసలు తినని వాళ్లూ ఒకరికొకరు సరిపోతారు. చెయ్యి తిరిగిన వంటవాళ్లకు ఇది తెలుసు. ఇంటి పెద్దలే భయంతో వాళ్ల మాట వినక ఇంకో రెండు పొట్టేళ్లు కోయిస్తారు. విందు మర్నాడు ఊరిచివర పారబోసిన కూర ఆ భయానికి కట్టిన ఖరీదు.

మాంసం కొట్టుకు వెళ్లే పని మగవాళ్లది, వండే పని ఆడవాళ్లది, తినకూడనిది చెప్పే పని ఆసుపత్రిది. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం వల్లే మనిషికి పావు అన్న సులువు మాట ఇన్నాళ్లు చెల్లింది. మీ ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉంటే, టెక్కలిలోనో, పలాసలోనో, సోంపేటలోనో ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒక ప్రశ్న అడగండి: రోజుకు వండిన మాంసం ఎన్ని గ్రాములు తినొచ్చు? వాళ్లు చెప్పిన అంకె ఇంట్లో అందరికీ చెప్పండి. కనుమ ముందురోజు కొట్టుకు బయల్దేరే మనిషికి ఆ అంకెతో పాటు, వండే మనిషి వాటా కూడా కలిపి చెప్పి పంపండి.